గాజు మీద కోడిపిల్ల

సినిమావాళ్ళు వస్తున్నారని తెలియగానే సాన్ ఇల్దెఫోన్సో సందు జనం చేసిన మొదటి పని సందు కడగడం. ఎవరూ చెప్పలేదు. ఏటా సందుకి పేరిచ్చిన పునీతుడి పండగకి చేసినట్టే చేసుకుపోయారు. కాలువ గట్టు మీద నెలల తరబడి పేరుకున్న చెత్తని మగవాళ్ళు గోనెసంచుల్లో ఎత్తి దూరంగా పారబోసి వచ్చారు. ఆడవాళ్ళు గుమ్మాలు సబ్బునీళ్ళతో రుద్దారు. ఎవరింట్లోనో అడుగున మిగిలిపోయిన పచ్చరంగు డబ్బా బయటపడితే అది అయిపోయేదాకా గోడలకి కొట్టారు. అందుకే సందులో సగం గోడలు పచ్చగా మెరిశాయి, సగం ఎప్పటిలాగే తుప్పురేకుల్లా మిగిలాయి. ఈ ఇంటి చూరు నుంచి ఆ ఇంటి చూరుకి కాగితం జెండాల తోరణాలు కట్టారు. ఇంటికి కెమెరా వస్తుంటే మొహం కడుక్కోనివాళ్ళుంటారా?

దర్శకుడు లూకాస్ దొర కారు దిగి, సందు మొదట్లో నిలబడి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. దొర అన్నది సందులో పిల్లలు పెట్టిన పేరు. ఎక్కడో యూరప్ నుంచి వచ్చాడు, ఇక్కడి మాట ఒక్కటి రాదు. ఆయన పక్కన సహాయకురాలు మైరా ఉంది. ఆ పిల్ల ఈ మనీలాలోనే పుట్టింది. కాకపోతే వీధికో గేటు, గేటుకో కాపలావాడు ఉండే మనీలాలో పుట్టింది. ఇలాంటి సందులోకి ఆమె రావడం అదే మొదటిసారి.

"పిన్నీ, బాబాయ్, ఇదంతా చాలా బావుంది," అంది మైరా మొహమాటపడుతూ. "కానీ సారుకి మామూలుగా ఉండే సందు కావాలిట."

"మామూలుగా అంటే ఎలాగమ్మా?"

"అంటే... చెత్తతో."

మర్నాడు లారీలో చెత్త వచ్చింది. ఎత్తిపోసినవాళ్ళకే కూలి ఇచ్చి పరిపించారు. తోరణాలు పీకేశారు. బెనింగ్ అవ్వ చేతికర్రతో ఆ చెత్తని కుళ్ళగించి చూసి పెదవి విరిచింది. "ఇది మన చెత్త కాదర్రా. ఇంత మంచి సీసాలు మన సందులో ఎవడు పారేస్తాడు?" అంటూ రెండు సీసాలు చంకన పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయింది. ఏప్రిల్ నెల ఎండ మాడ్చేస్తుంటే నీళ్ళ ట్యాంకరు తెచ్చి సందంతా తడిపి బురద చేశారు. కథ ప్రకారం వాన కురిసి వెలిసిందట. ప్రపంచం మనీలాని ఎప్పుడు చూసినా చెమట, బురద, వాన, మధ్యలో ఏడుస్తున్న ఒక తల్లి. అంతకుమించి చూపిస్తే టిక్కెట్టు డబ్బులు వెనక్కిమ్మంటారేమో ఎవరికి తెలుసు!

ఈ చెత్త ఎత్తినవాళ్ళకీ పరిచినవాళ్ళకీ కూడా అన్నం పెట్టింది రెమీ. అసలు పేరు రెమెడియోస్. సందు చివర కాలువ గట్టు మీద ఆమె ఇల్లు, ఇంటి ముందు రేకుల కింద ఆమె పూటకూళ్ళ బల్ల. పొద్దున ఎండుచేప, వెల్లుల్లి అన్నం. మధ్యాహ్నం చింతకాయ పులుసులో వేసిన పాలచేప. మనిషి పొట్టి, మాట తక్కువ. ఒకప్పుడు ఆ బల్ల దగ్గర ఆమె గొంతు సందు మొదటిదాకా వినిపించేదని చెబితే కొత్తవాళ్ళు నమ్మరు. రెండేళ్ళ క్రితం ఆమె కొడుకు అర్విన్ పోయాడు. గొంతు అప్పుడు పోయింది.

పోయాడు అని సందు మొత్తం అంటుంది. ఎలా పోయాడో సందు మొత్తానికి తెలుసు, ఒక్కరూ అనరు.

సందు కాపలా దళానికి పెద్ద డెల్ఫిన్. మెడలో ఈల, చేతిలో పేము కర్ర, ఎదురుగా ఎవరొచ్చినా ముందు భుజం మీద చెయ్యేసే అలవాటు. గుడ్లమ్ముకునే ఒక ముసలాడు దారికి అడ్డంగా బుట్ట పెట్టాడని ఒకరోజు డెల్ఫిన్ వాణ్ణి కర్రతో బాదుతుంటే, పందొమ్మిదేళ్ళ అర్విన్ మధ్యలో దూరి, డెల్ఫిన్ని ఒక్క తోపు తోశాడు. పెద్దమనిషి వెళ్ళి కాలువ గట్టు మీద వెల్లకిలా పడ్డాడు. చూసినవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. మూడోనాడు పొద్దున అర్విన్ కాలువలో తేలాడు. తల వెనక పగిలి ఉంది. "తాగి జారిపడ్డాడు పాపం," అన్నాడు డెల్ఫిన్, శవాన్ని గట్టుకి లాగిస్తూ. బీరు వాసనొస్తే ముక్కు మూసుకునే పిల్లాడు తాగాడట. ఎవరు అడగగలరు?

ఆ సందులో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి రోగంతో పోయినా, ముసలితనంతో పోయినా, శవపేటిక మీద పూలు పెడతారు, కొవ్వొత్తి పెడతారు. ఎవరైనా చంపితే మాత్రం పేటికకి ఉండే గాజుపలక మీద ఒక కోడిపిల్లని వదిలి, నాలుగు గింజలు చల్లుతారు. శవం పక్కన జాగారం నడిచినన్ని రోజులూ అది గాజుని టిక్కు టిక్కుమని పొడుస్తూ ఉంటుంది. ఆ పోటు చంపినవాడి గుండెలో తగులుతుందని నమ్మకం. నమ్మకం సంగతి దేవుడెరుగు. పెట్టె మీద కోడిపిల్ల కనబడిందంటే ఆ ఇంటివాళ్ళు నలుగురి ముందూ మాట చెప్పేసినట్టే: మావాణ్ణి చంపారు.

అర్విన్ జాగారం మొదటిరోజు సందు సందంతా రెమీ ఇంటికి వచ్చి ముందు ఆ గాజు వైపే చూసింది. కోడిపిల్ల లేదు. ఎందుకంటే అందరికంటే ముందు డెల్ఫినే వచ్చాడు. కాఫీ పొడి, బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, రెమీ భుజం మీద చెయ్యేసి, మూలనున్న లోర్నా వైపు చూస్తూ అన్నాడు: "ప్రమాదమే కదక్కా? కోడిపిల్లలూ గిల్లలూ అక్కర్లేదులే." లోర్నా రెమీ కూతురు. అప్పటికి పదిహేనేళ్ళది. రెమీ ఆ పిల్లని చూసింది, పెట్టెలో ఉన్నవాణ్ణి చూసింది. "ప్రమాదమే," అంది.

ఆ ఒక్క మాటతో తన కొడుకుని తాగుబోతుని చేసి పాతిపెట్టానని రెండేళ్ళుగా ఆమె లోపల కుళ్ళిపోతోంది. ఇంకేమీ అడగదు ఆమె దేవుణ్ణి. డెల్ఫిన్ జైలుకి పోవాలనే ఆశ కూడా లేదు. చంపారు అన్న ఒక్క మాట, సందు జనం ముందు, ఒక్కసారి బయటికి రావాలి. అంతే. కానీ కూతురు పెరుగుతోంది, కాలువ గట్టు అక్కడే ఉంది, డెల్ఫిన్ కూడా అక్కడే ఉన్నాడు.

లూకాస్ కథలో కూడా ఒక తల్లి ఉంది, ఒక కొడుకు ఉన్నాడు, వాణ్ణి ఎవరో కాల్చి చంపుతారు. జాగారం సీను కోసం సందులో ఇళ్ళన్నీ తిరిగి చివరికి రెమీ ఇల్లు ఎంచుకున్నాడు. కాలువ మీంచి వచ్చే వెలుతురు గోడ మీద కదులుతోందట, అది బావుందట. డెల్ఫినే తీసుకొచ్చాడు వాళ్ళని. షూటింగుకి అనుమతి ఇప్పించినవాడూ, జనాన్ని తాడు కట్టి ఆపేవాడూ అతనే. "ఇస్తావుగా అక్కా ఇల్లు," అన్నాడు. అది అడగడం కాదు.

పెట్టె తెచ్చి ముందుగదిలో పెట్టారు. ఎక్కడ పెట్టారనుకున్నారు? సరిగ్గా అర్విన్ పెట్టె ఉన్నచోట. వెలుతురు అక్కడే పడుతుంది మరి.

తల్లి వేషం వేసే పెద్ద నటి రావడానికి ఇంకా టైముంది. లూకాస్ సందువాళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుని, మీరు జాగారంలో ఏమేం చేస్తారో చెప్పండి, అన్నీ నిజంగా ఉండాలి అన్నాడు. నిజం మీద అంత మోజున్న మనిషి చెత్తని లారీలో ఎందుకు తెప్పించాడని ఎవరూ అడగలేదు. అందరూ ఒకేసారి అందుకున్నారు.

"పేకాట ఉండాలండీ. పేకాట లేకపోతే అది జాగారమే కాదు."

"ఇల్లు ఊడవకూడదు. ఊడిస్తే ఇంకొకరు పోతారు."

"వచ్చినవాళ్ళని గుమ్మందాకా సాగనంపకూడదు."

"ఇక్కణ్ణుంచి తిన్నగా ఇంటికి పోకూడదమ్మాయ్. ఎక్కడో ఒకచోట ఆగాలి, టీ కొట్టో ఏదో. లేకపోతే వాడూ వెంట వచ్చేస్తాడు." ఇది బెనింగ్ అవ్వ.

మైరా నవ్వుతూ ఒక్కొక్కటే దొరకి చెబుతోంది. పొయ్యి దగ్గర నిలబడి వింటున్న రెమీ నోటి నుంచి మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"కోడిపిల్ల కూడా," అంది.

బెనింగ్ అవ్వ చేతికర్ర జారి కిందపడింది.

"కోడిపిల్లా? ఎందుకు పిన్నీ?" అంది మైరా.

"మీ కథలో పిల్లాణ్ణి చంపారన్నారుగా. చంపితే పెట్టె మీద కోడిపిల్లని పెడతాం."

మైరా కళ్ళు మెరిశాయి. ఆమె దొరకి చెప్పింది, దొర లేచి నిలబడ్డాడు, ఇద్దరూ కాసేపు గబగబా ఏదో మాట్లాడుకున్నారు. పసుపుపచ్చ కోడిపిల్ల కోసం అప్పటికప్పుడు ఒకణ్ణి బజారుకి పంపారు. డెల్ఫిన్ ఆ సమయంలో సందు మొదట్లో కార్లు ఆపుతున్నాడు. అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడం కూడా ఒక పనే, ఆ పూట సందు మొత్తం కలిసి ఆ పని చేసింది.

నటి వచ్చింది. మంచి మనిషే, అందరికీ నమస్కారం పెట్టింది. కానీ కోడిపిల్లని పట్టుకోమంటే చేతులు వెనక్కి లాక్కుంది. పట్టుకుంటే గుండెలదురుతాయట. లూకాస్ చుట్టూ చూసి, పక్కింటి ఆడవాళ్ళలో ఒకరిగా కూర్చున్న రెమీని చూపించాడు. మీరు పెట్టండి, మెల్లగా, అన్నాడు. అసలు కెమెరా పెట్టె వైపు గురిపెట్టి ఉంది. ఇంకొకడు చిన్న కెమెరా ఒకటి భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా చుట్టూ ఉన్న జనం మొహాలు తీసుకుంటూ తిరుగుతున్నాడు.

రెమీ లేచింది. అరచేతిలో కోడిపిల్ల వెచ్చగా కొట్టుకుంటోంది. గాజు కింద ఎవరో కుర్రాడు తెల్లరంగు పూసుకుని కళ్ళు మూసుకుని పడుకున్నాడు. పిల్లని గాజు మీద దించింది, గింజలు చల్లింది, తల ఎత్తింది. గుమ్మానికి అవతల తాడు పట్టుకుని డెల్ఫిన్ నిలబడి ఉన్నాడు.

టిక్కు, టిక్కు.

అతని చేతిలో తాడు సడలి నేలకి వేలాడింది.

"కట్," అన్నాడు లూకాస్. "మళ్ళీ."

సినిమావాళ్ళ పద్ధతి అది. ఒకసారి బాగా చేస్తే సరిపోదు. ఆ పక్కనుంచి, ఈ పక్కనుంచి, దగ్గరనుంచి, దూరంనుంచి. మళ్ళీ, మళ్ళీ. రెండేళ్ళ క్రితం ఒక్కసారి చెయ్యలేని పని రెమీ ఆ మధ్యాహ్నం లెక్కలేనన్నిసార్లు చేసింది. మొదటిసారి గింజలు సగం నేలపాలయ్యాయి. తర్వాత ఒక్కటీ జారలేదు. ప్రతిసారీ తల ఎత్తి ఒకే చోటికి చూసింది. డెల్ఫిన్ కదల్లేక, పక్కకి పోలేక, తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఆపమంటే ఎందుకంటారు. ఎందుకో చెప్పాలంటే తన నోటితో తానే చెప్పుకోవాలి.

ఎవరూ చెప్పకుండానే బెనింగ్ అవ్వ లేచి వెళ్ళి పెట్టె ముందు శిలువ గుర్తు వేసుకుని, "అర్విన్ ఆత్మకి శాంతి ఇవ్వు తండ్రీ," అంది పైకే.

"అవ్వా, కథలో అబ్బాయి పేరు డానిలో," అంది మైరా.

"ఆఁ, అదే అన్నాను."

అవ్వ వెనక ఇంకొకరు లేచారు. తర్వాత ఇంకొకరు. పేకాట బల్ల దగ్గరివాళ్ళు ముక్కలు పక్కన పడేసి వరసలో నిలబడ్డారు. అర్విన్‌కి సరిగ్గా దక్కని జాగారం ఆ ఉత్తుత్తి పెట్టెకి దక్కింది. లూకాస్ కళ్ళు చెమర్చాయి. ఎంత సహజంగా చేస్తున్నారు మీవాళ్ళు అన్నాడట మైరాతో.

సినిమావాళ్ళు ట్యాంకరు, లైట్లు సర్దుకుని వెళ్ళిపోయారు. చెత్త మాత్రం వదిలేసిపోయారు. కోడిపిల్లని రెమీకే ఇచ్చారు. అది వారం తిరక్కుండా చచ్చిపోయింది. బజారులో అమ్మే పిల్లలు బతకవు.

ఆ వారంలోనే ఒక పొద్దున డెల్ఫిన్ పూటకూళ్ళ బల్ల దగ్గర కూర్చుని, ఎండుచేప తెప్పించుకుని, ముల్లు ఏరుకుంటూ తీరిగ్గా అన్నాడు: "బాగా నటించావక్కా."

"నటన నాకేం వచ్చు."

"వచ్చులే. లోర్నా కాలేజీ నుంచి చీకటి పడ్డాక వస్తున్నట్టుంది?" ముల్లుని కాలువలోకి విసిరాడు. "గట్టు జారుతుంది. జాగ్రత్త చెప్పు."

అంతే. ఆ తర్వాత ఏడాది పైగా రెమీ నోరు విప్పలేదు. సందు కూడా విప్పలేదు. ఆ మధ్యాహ్నం వరసలో నిలబడ్డవాళ్ళే ఆమె బల్ల దగ్గరికి రావడం తగ్గించారు. వచ్చినా గబగబా తిని లేచిపోయేవాళ్ళు. ఏమన్నా అంటే, "సినిమా కదమ్మా, సినిమా కోసం చేశాం," అనేవాళ్ళు. రోజూ సాయంత్రం రెమీ జీప్నీ బండి ఆగేచోటుకి వెళ్ళి నిలబడి కూతుర్ని వెంటబెట్టుకుని తీసుకొచ్చేది. లోర్నా చీదరించుకునేది.

"నేను చిన్నపిల్లనా అమ్మా? అన్నయ్యని చంపినవాడు దర్జాగా తిరుగుతుంటే నువ్వు నన్ను దాచిపెట్టడమేంటి?"

"మెల్లగా. మెల్లగా మాట్లాడు."

"ఇంకా ఎంత మెల్లగా మాట్లాడాలే? నీకంటే మెల్లగానా?"

రెమీ కూతురి చెయ్యి పట్టుకుని నడక సాగించింది. కానీ ఆమెకి లోపల ఒక ఆశ ఉంది. ఆ సినిమా వస్తుంది. అందులో ఆ కోడిపిల్ల ఉంటుంది. డెల్ఫిన్ తనని ఏం చేసినా దాన్ని చెరపలేడు కదా.

సినిమా విదేశాల్లో ఆడి బహుమతి తెచ్చుకుంది. సందులో వేసి చూపిస్తామని మైరా కబురు పంపింది. డెల్ఫిన్‌తో ఫోనులో ఇంకో మాట కూడా చెప్పింది: "మీరు ఒకచోట చాలాసేపు కనిపిస్తారు సార్. మీ మొహంలో ఆ దుఃఖం చూసి అక్కడ అందరూ ఈ నటుడెవరని అడిగారు." ఇంకేం, ఆ మనిషి కాళ్ళు నేల మీద ఆనలేదు. వార్డు ఎన్నికలు దగ్గరపడుతున్నాయి, అతను నిలబడుతున్నాడు. బాస్కెట్‌బాల్ కోర్టులో రెండు దుప్పట్లు కలిపి కుట్టించి తెర కట్టించాడు, ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించాడు, అందరికీ శీతలపానీయాలు పంచాడు. ముందు వరసలో మధ్య కుర్చీ తనది.

చీకటి పడగానే, వెనక కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్న మైరా సినిమా మొదలుపెట్టింది. కాసేపు పిల్లలు కేకలు: "అదిగో మా ఇల్లు! అదిగో టోటో కుక్క!" తర్వాత పెద్దవాళ్ళు గొణుక్కోవడం మొదలుపెట్టారు.

"ఇది మన సందేనా?"

"ఎండ ఏదిరా? మొత్తం సినిమాలో ఎండే లేదు."

"మనం ఎప్పుడూ ఇలా ఏడుపుగొట్టు మొహాలేసుకునే తిరుగుతామా?"

"నా పచ్చగోడ ఏది?" అంది బెనింగ్ అవ్వ.

"రంగు మార్చేశారే అవ్వా. కంప్యూటర్లో."

"మూడు రోజులు నడుం పట్టేసింది నాకు ఆ గోడకి!"

నిజమే. గోడలన్నీ మట్టిరంగుకి దిగిపోయాయి. ఎక్కడా లేని కుక్కల అరుపులు, ఎవరిదో పసిపిల్ల ఏడుపు వెనకనుంచి వినిపిస్తున్నాయి. కాలువ నల్లగా, వెడల్పుగా, నదిలా ఉంది. సందులో పుట్టి పెరిగినవాళ్ళకి తమ సందులోకి దారి తెలియలేదు. ఇన్నేళ్ళూ ఇక్కడ నవ్వుకున్న నవ్వులు, కొట్టుకున్న జోకులు, కట్టుకున్న తోరణాలు ఒక్కటీ ఆ తెర మీదకి ఎక్కలేదు. చూస్తున్నకొద్దీ రెమీకి ఆశ సన్నగిల్లింది. ఇంత అబద్ధంలో తన కోడిపిల్ల మాత్రం ఎందుకు మిగిలి ఉంటుంది?

మిగిలి ఉంది.

తెర మీద పెట్టె వచ్చింది. రెండు చేతులు వచ్చాయి. చేతులే, మనిషి లేదు, మోచేతుల నుంచి పైకి కత్తిరించేశారు. పొయ్యి దగ్గర కాలిన మచ్చలున్న ఆ చేతులు ఎవరివో సందులో అందరికీ తెలుసు. కోడిపిల్ల గాజు మీద దిగింది. మిగతా శబ్దాలన్నీ ఆగిపోయాయి. కుక్కలు లేవు, పసిపిల్ల లేదు. టిక్కు, టిక్కు, టిక్కు, ఒక్కటే చప్పుడు, తలుపు మీద ఎవరో వేలితో కొడుతున్నంత పెద్దగా.

అప్పుడు డెల్ఫిన్ మొహం వచ్చింది. రెండు దుప్పట్ల నిండా అతని మొహమే. ఆ మధ్యాహ్నం భుజాన కెమెరా వేసుకుని తిరిగినవాడు ఎప్పుడు తీశాడో. కళ్ళు గాజు మీంచి పక్కకి తిప్పుకోలేకపోతున్నాయి. పెదవి ఎండిపోయి ఉంది, నాలుకతో తడుపుకున్నాడు. చెయ్యి వచ్చి మెడ మీద చెమట తుడుచుకుంది. టిక్కుమన్నప్పుడల్లా కంటి రెప్ప అదురుతోంది. దేశంకాని దేశంలో జనం అది దుఃఖం అనుకున్నారు. ఇక్కడ ఎవరూ అలా అనుకోలేదు.

కోర్టులో శీతలపానీయం పీల్చే చప్పుడు కూడా లేదు. డెల్ఫిన్ లేచి నిలబడ్డాడు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి గట్టిగా నవ్వి చప్పట్లు కొట్టాడు. "అదిగో, నేనే!" అన్నాడు. అతని మనుషులు కొట్టారు. తర్వాత వరసలన్నీ కొట్టాయి. భయం చేతులకి ఎంత తొందరగా అందుతుందో! రెమీ పక్కన కూర్చున్నవాళ్ళు కూడా కొట్టారు. ఆమె చేతులు మాత్రం ఒళ్ళో అలాగే ఉండిపోయాయి.

ఆ చప్పట్లతో డెల్ఫిన్‌కి ధైర్యం వచ్చింది. "ఏదీ, అమ్మాయ్, ఆ ముక్క ఇంకోసారి వెయ్యి. జనం సరిగ్గా చూడలేదు," అన్నాడు వెనక్కి తిరిగి.

మైరా సంతోషంగా వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది. చేతులు. కోడిపిల్ల. టిక్కు టిక్కు. మొహం. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డెల్ఫిన్ కూర్చున్నాడు. బొమ్మ ముందుకి సాగబోతుండగా వెనకనుంచి, ఆ చివర గోడ దగ్గర నిలబడ్డవాళ్ళ మధ్యనుంచి, ఒక గొంతు వచ్చింది.

"మళ్ళీ!"

గొంతు మార్చి అరిచినా ఎవరిదో రెమీకి తెలిసిపోయింది. కడుపులో పెట్టుకుని మోసిన గొంతు తెలియకపోతుందా?

మైరా మళ్ళీ వేసింది.

"మళ్ళీ!" ఈసారి ఇంకో పక్కనుంచి, మగగొంతు. "మళ్ళీ వెయ్యి!" బెనింగ్ అవ్వ గొంతులాంటిది ఇంకొకటి. చీకట్లో ఎవరు ఎవరో తెలియదు కదా. ఎన్నేళ్ళుగానో బిగబట్టుకున్నవాళ్ళంతా ఒక్కసారిగా మొదలుపెట్టారు. మళ్ళీ. మళ్ళీ. పిల్లలు ఆట అనుకుని వాళ్ళూ అందుకున్నారు. గాజు మీద ముక్కు, దుప్పటి నిండా అదే మొహం, అదే చెమట.

"లైట్లెయ్యండ్రా!" అని అరిచాడు డెల్ఫిన్.

కోర్టు స్తంభాల మీద లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. అంతే, అందరూ నేల చూపులు చూస్తున్నారు. ఒకడు చెప్పు సరిచేసుకుంటున్నాడు. ఒకామె బిడ్డ ముక్కు తుడుస్తోంది. నోరు తెరిచినవాళ్ళెవరో ఈ మనుషులు కానట్టే ఉన్నారు.

"ముందు ఎవరు అరిచారు?" డెల్ఫిన్ కర్ర పట్టుకుని కుర్చీల మధ్యకి నడిచాడు. "నాకు తెలియదనుకోకండి. ఆ గోడ దగ్గర్నుంచి ఆడగొంతు. ఎవరది?"

గోడ దగ్గర నిలబడ్డవాళ్ళు మెల్లగా పక్కకి జరుగుతున్నారు. జరుగుతుంటే మధ్యలో లోర్నా ఒక్కతే బయటపడుతోంది. పిల్ల గడ్డం పైకెత్తి నిలబడింది, అచ్చం అన్నలాగే. డెల్ఫిన్ అటు తిరిగాడు.

రెమీ లేచింది.

"నేనే," అంది.

సందు జనం ఆ గొంతు విని మూడేళ్ళు దాటింది. పూటకూళ్ళ బల్ల దగ్గర్నుంచి సందు మొదటిదాకా వినిపించే గొంతు అది.

"నువ్వు ఇక్కడ కూర్చున్నావక్కా, గొంతు అక్కణ్ణుంచి..."

"నేనే అరిచాను డెల్ఫిన్. మెల్లగా మాట్లాడటమే అలవాటై ఇన్నాళ్ళు పట్టింది. నా కొడుకు తాగలేదు. జారలేదు. నువ్వు చంపావు. ఆరోజు నువ్వు వద్దంటే పిల్లని పెట్టలేదు, అది నా తప్పు. ఇప్పుడు పెట్టాను, చూశావుగా."

ఆమె పక్కనున్నామె ముందు తన కుర్చీని కొంచెం జరుపుకుంది. అవతలివాడు లేచి కుర్చీ ఎత్తుకుని రెండు వరసలు వెనక్కి వెళ్ళాడు. ఒకరి తర్వాత ఒకరు, చప్పుడు కాకుండా, కోపం లేకుండా, సిగ్గుపడుతూనే జరిగిపోయారు. కాసేపట్లో ఆ వెలుతురు మధ్య రెమీ చుట్టూ ఖాళీ నేల మిగిలింది. ఆమెకి వాళ్ళ మీద కోపం రాలేదు. తనూ అలాగే జరిగిపోయింది ఒకరోజు, కన్నకొడుకు పెట్టె పక్కనుంచి.

డెల్ఫిన్ ఆ ఖాళీలోకి ఒక్క అడుగు వేసి ఆగాడు.

"అమ్మాయ్," అంది రెమీ, మైరా వైపు తిరిగి. "మళ్ళీ వెయ్యి."

మైరా ఆమెని చూసింది. డెల్ఫిన్ని చూసింది. తన కంప్యూటర్లో ఆగి ఉన్న ఆ చేతుల్ని, ఎదురుగా నిలబడ్డ ఆమె చేతుల్ని చూసింది. ఆ పిల్ల మొహంలో రంగు పోయింది. వేలు బటన్ మీదకి వెళ్ళింది.

అంత వెలుతురులో దుప్పటి మీద బొమ్మ కనబడలేదు. సందు లేదు, బురద లేదు, వాన లేదు, ఎవరి మొహమూ లేదు. తెల్లటి గుడ్డ గాలికి కదులుతోంది. చప్పుడు మాత్రం ఉంది. టిక్కు, టిక్కు, టిక్కు. డెల్ఫిన్ చెయ్యి మెడ మీదకి వెళ్ళి చెమట తుడుచుకుంది. అది అందరూ చూశారు.